వదిన పెట్టిన ఖాళీ గడి

ఆఫీసులో ఆవిడని అందరూ వదినా అనే పిలుస్తారు. ఎందుకంటారా? ఆవిడ సొంత మరిది అదే ఆఫీసులో, ఆవిడకి సరిగ్గా ఎదురుగా కూర్చుంటాడు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే హాలంతా వినపడేలా "వదినా, చార్జరుందా?" అని ఒక్క కేక పెట్టాడు. అంతే, ఆ పేరు అంటుకుపోయింది. ఇప్పుడు ఆవిడకంటే వయసులో బాగా పెద్దవాడైన మేనేజరు కూడా మీటింగులో "మరి దీనికి వదిన ఏమంటారు?" అని అడుగుతాడు.

వెనకాల మాత్రం ఆవిడకి ఇంకో పేరుంది: బటన్లమ్మ. అది పెట్టిందెవరో వేరే చెప్పాలా? మరిదే.

పెట్టాడంటే పెట్టడూ మరి! ఆవిడ పనే అది. వాళ్ల కంపెనీ వెబ్‌సైట్లు కడుతుంది. ఏ సైటు చూసినా బటన్లుంటాయి, పేరు రాసే గడులుంటాయి, తేదీ ఎంచుకునే పట్టికలుంటాయి, తప్పు నొక్కితే ఎర్రగా పడే హెచ్చరికలుంటాయి. వీటిని సైటు సైటుకీ కొత్తగా ఆలోచించే బదులు, ఒక్కసారి బుర్రపెట్టి మంచి నమూనాలు చేసి ఒకచోట పెట్టుకుంటే, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. దాన్నే ప్యాటర్న్ లైబ్రరీ అంటారు. వదిన ఆ లైబ్రరీని కంటికి రెప్పలా చూసుకుంటుంది. బటన్ మూల ఎంత గుండ్రంగా ఉండాలన్న దానిమీద ఆవిడ ఒక పూటంతా వాదించగలదు. వాదించింది కూడా.

మరిది దారి వేరు. అతను జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ మనిషి. జావాస్క్రిప్ట్ అంటే వెబ్ పేజీకి కదలిక తెచ్చే కంప్యూటరు భాష, ఫ్రేమ్‌వర్క్ అంటే ఆ భాషతో పేజీని ముక్కలు ముక్కలుగా కట్టే పనిముట్టు. ఏ ముక్క కావాలో దాన్ని అప్పటికప్పుడు పుట్టిస్తుంది, పని తీరగానే మాయం చేస్తుంది, ఏది మారితే దాన్ని మాత్రమే మళ్లీ గీస్తుంది. పేజీ మొత్తం పోయి మళ్లీ వచ్చేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోనక్కర్లేదు. మరిది చేతిలో అది పరుగులు పెడుతుంది. ఉన్నమాట చెప్పాలంటే అబ్బాయి గట్టివాడే. కాకపోతే పేజీలో అనవసరమైనది పిసరంత కనిపించినా అతని చెయ్యి ఊరుకోదు, తీసి పారేస్తుంది.

ఇక ఇద్దరి మధ్యా జరిగే తంతు వినండి. వదిన లైబ్రరీలో ఒక నమూనా పెడుతుంది. అది మామూలు పేజీల కోసం రాసింది కాబట్టి, మరిది దాన్ని పక్కన పెట్టుకుని తన ఫ్రేమ్‌వర్క్‌కి పనికొచ్చేలా చేత్తో మళ్లీ రాసుకుంటాడు. రాస్తూ రాస్తూ శుభ్రం చేస్తాడు. తర్వాత ఎప్పుడో వదిన లైబ్రరీలో ఏదో మారుస్తుంది. మరిది రాసుకున్నది మాత్రం మారదు, ఎలా మారుతుంది? ఇక చూడండి రగడ!

"అసలు నీ నమూనాలు నేరుగా మా ఫ్రేమ్‌వర్క్‌లోనే రాసెయ్యొచ్చుగా వదినా? పీడా పోతుంది" అంటాడు మరిది.

"నా లైబ్రరీ ఏ ఫ్రేమ్‌వర్క్‌కీ ఊడిగం చెయ్యదు. ఇవాళ ఇదొచ్చింది, రేపు ఇంకోటొస్తుంది. వచ్చినవాళ్లందరి వెనకాలా తిరగనా?" అని వదిన ఒంటికాలిమీద లేస్తుంది.

ఇద్దరూ సాయంత్రం ఒకే ఇంటికి వెళ్తారు గనక ఈ గొడవ కూడా వాళ్లతోపాటే బస్సెక్కి ఇంటికొస్తుంది. వదిన మొగుడు బళ్లో లెక్కల మాస్టారు, ఎవరి జోలికీ పోని మనిషి. ఆయనే విసిగిపోయి ఒక చట్టం చేశాడు. "భోజనం దగ్గర బటన్ అన్న మాట వినిపించిందా, నా కంచం తీసుకుని బాల్కనీలోకి పోతా" అన్నాడు. పాపం, చాలాసార్లు బాల్కనీలోనే తిన్నాడు.

ఇలా నవ్వులాటగానే గడిచిపోయేది. హాస్పిటల్ పని రావడంతో సంగతి మారింది.

ఆ హాస్పిటల్లో టెలిఫోన్ ఆపరేటరు వదినకి సొంత అక్క. అక్కకి పుట్టుకతోనే చూపు లేదు. ఫోన్ ఎత్తడం, ఏ డాక్టరు కావాలో కనుక్కోవడం, ఆ డాక్టరుకి ఎప్పుడు ఖాళీ ఉందో చూసి సమయం రాసివ్వడం ఆవిడ పని. ఒక చెవిలో ఫోను, ఇంకో చెవిలో కంప్యూటరు. తెరమీద ఉన్నదంతా పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఒకటుంది లెండి. మొదలెడితే ఆపదని అక్క దానికి వసపిట్ట అని పేరు పెట్టింది. వసపిట్ట ఎంత వేగంగా వాగుతుందంటే మనకి ఒక్క ముక్క అర్థం కాదు. అక్కకి మాత్రం అక్షరం పొల్లుపోదు. పాత ప్రోగ్రాంలో ఆవిడ వేళ్లు కళ్లున్నవాళ్లకంటే చురుగ్గా కదులుతాయి.

ఆ పాత ప్రోగ్రాం తీసేసి కొత్త వెబ్‌సైటు పెడుతున్నారు. దాన్ని కట్టే పని వదిన వాళ్ల కంపెనీకి వచ్చింది. ఆ రోజే అక్క ఫోన్ చేసింది.

"చిట్టీ, మా సూపరింటెండెంటుగారు ఏమన్నారో తెలుసా? కొత్త సైటు నాకు పనికొస్తే సరేనట. పనికిరాకపోతే నన్ను ముందు హాల్లో కుర్చీ వేసి కూర్చోబెడతారట. ఏ పనీ ఉండదమ్మా, హాయిగా కూర్చోవడమే అన్నాడు. హాయిగానట! నన్నేమన్నా పూలకుండీ అనుకున్నాడా ఆయన?"

"అక్కా, ఊరుకో..."

"ఊరుకునేదేంటే? ఈ ఫోను దగ్గరున్నంతసేపూ నేనొక మనిషిని. అవతలివాళ్లకి నా చూపు సంగతే తెలీదు. ఆ హాల్లో కూర్చున్నానంటే, వచ్చేపోయే ప్రతివాడూ అయ్యో పాపం అంటాడు. ఆ మాట రోజూ వినేకంటే ఇంట్లో పడుండటం నయం."

అక్క గొంతు వణకడం వదిన ఎప్పుడూ వినలేదు.

"నీ కుర్చీ ఎక్కడికీ పోదక్కా. నేను చెప్తున్నాగా. లైబ్రరీలో ప్రతి గడీ ముందు నీ వసపిట్ట చేత చదివించి పెట్టిందే. ఏ ఢోకా లేదు" అంది.

అవును, ఢోకా లేదనే అనుకుంది. లైబ్రరీ గురించి మాత్రమే ఆలోచించింది మరి, దాన్ని చూసి రాసుకునేవాళ్ల గురించి ఆలోచించలేదు!

సైటు ఒక రూపానికి వచ్చాక, ఆదివారం మధ్యాహ్నం అక్కని ఇంటికి పిలిచారు. హాస్పిటల్లో సూపరింటెండెంటుగారి ముందు అసలు పరీక్ష ఆ వచ్చే వారంలోనే. ముందు ఇంట్లో ఒకసారి చూసుకుంటే మంచిదని వదిన ఉద్దేశం. భోజనాల బల్ల తుడిచి, అక్క ల్యాప్‌టాప్ దానిమీద పెట్టారు. అందరికీ వినపడాలని ఇయర్‌ఫోను తీసేసి స్పీకరు పెట్టారు. మాస్టారు టీ కప్పులతో వచ్చి, ఇవాళ్టికి తన చట్టానికి సెలవిచ్చాడు.

అక్క వేళ్లు విరుచుకుని మొదలుపెట్టింది. రోగి పేరు, డాక్టరు, తేదీ... వసపిట్ట గలగలా చదువుతోంది, అక్క టకటకా నొక్కుతోంది.

"అబ్బో! భలే వేగంగా ఉందే. మా పాతది దీని ముందు ఎడ్లబండి" అంది అక్క.

మరిది కాలరెగరేశాడు. "చూశావా వదినా? అదీ మా ఫ్రేమ్‌వర్క్ అంటే. పెద్దొదినా, ఇప్పుడు ఆల్రెడీ నిండిపోయిన సమయం ఒకటి నొక్కండి. అది ఒప్పుకోకూడదు. వేరే సమయం చెప్పాలి."

అక్క నొక్కింది.

తెరమీద ఎర్రగా, ఇంతింత అక్షరాలతో మాట పడింది. వదిన రాసిన మాటే. 'ఆ సమయం ఇప్పుడే నిండిపోయింది. దాని తర్వాతి ఖాళీ ఇది.' కింద సమయం కూడా ఉంది. చూడటానికి ముచ్చటగా ఉంది.

వసపిట్టకి మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

అక్క మళ్లీ నొక్కింది. మళ్లీ నొక్కింది. ఆవిడ మొహంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది. "రాసుకుందా? రాసుకోలేదా? ఏమీ అనదేంటే ఇది? అవతల ఫోన్లో మనిషుంటే నేనేం చెప్పను, ఉండండీ అంటూ ఉండనా?"

అంత పెద్ద ఎర్ర అక్షరాలు ఎదురుగా కనిపిస్తున్నాయి, అక్కకి మాత్రం అక్కడ ఏమీ లేదు! హాల్లో కుర్చీ వదిన కళ్లముందు మెదిలింది.

"నీ ఫ్రేమ్‌వర్కే! నేను ముందునించీ మొత్తుకుంటూనే ఉన్నా!" అని మరిది మీద విరుచుకుపడింది.

"నా ఫ్రేమ్‌వర్క్ ఏం చేసింది? నీ లైబ్రరీలో ఉన్నదే రాశాను. అక్షరాలు నీవి, రంగు నీది!"

"అయితే నాది కూడా పలకదేమో చూద్దాం పట్టు!" వదిన లైబ్రరీలోని నమూనా పేజీ తెరిచింది. అక్క అక్కడ అదే తప్పు చేసింది. వసపిట్ట ఠక్కున అందుకుంది. "ఆ సమయం ఇప్పుడే నిండిపోయింది. దాని తర్వాతి ఖాళీ..."

మరిది నోరెళ్లబెట్టాడు. వదినా నోరెళ్లబెట్టింది. ఒకే మాట, ఒకే ఎరుపు, ఒకే చోటు. ఒకటి పలుకుతుంది, రెండోది మూగనోము పట్టింది. ఇదేం మాయ?

ఇక పోట్లాట ఎగిరిపోయింది. ఇద్దరికీ పూనకం వచ్చినట్టయింది. రెండు పేజీల లోపలి రాత, అదే కోడు, పక్కపక్కనే పెట్టుకుని, తలలు ఆనించి, కళ్లల్లో వత్తులు వేసుకుని చదవడం మొదలెట్టారు. టీ చల్లారిపోయింది. మాస్టారు ఊరికే ఉండలేక "సామాన్య కారణాంకమేదో చూడండి" అన్నాడు. ఎవరూ చెవిన వేసుకోలేదు.

"ఆగాగు. తప్పు పడకముందు ఎలా ఉందో చూపించు. ముందు సంగతి చూడాలి" అంది వదిన ఉన్నట్టుండి.

చూపించాడు. వదిన వేలు తెరమీద జారుతూ జారుతూ ఒకచోట ఆగిపోయింది.

"ఇక్కడో ఖాళీ గడి ఉండాలి. ఏదీ?"

"ఓ, అదా?" మరిది తేలిగ్గా అన్నాడు. "అందులో ఏమీ లేదుగా. ఉత్త ఖాళీ గడి. తీసేశా. తప్పు పడ్డప్పుడే గడినీ, అందులో మాటనీ కలిపి ఒకేసారి పుట్టిస్తున్నా. నీటుగా ఉంటుందని."

వదిన కుర్చీలోంచి లేచి నిలబడింది. "అదే! అదేరా నాయనా! కొంప ముంచింది అదే!"

"ఖాళీ గడా?"

"ఆ ఖాళీ గడే! దానిమీద ఒక గుర్తుంది చూడు. 'ఇందులోకి ఏదన్నా మాట వస్తే వెంటనే చదువు' అని వసపిట్టకి చెప్పే గుర్తు. పేజీ రాగానే వసపిట్ట ఆ గడి దగ్గర చెవి పెట్టుకుని కూర్చుంటుంది. తర్వాత మాట వస్తే వింటుంది. నువ్వు గడినే తీసేస్తే అది ఎక్కడ కూర్చోవాలి? గడీ మాటా కలిసి ఒక్కసారే ఊడిపడితే అక్కడ వినేవాళ్లెవరు? ఇదిగో, అక్క ఫోన్ ఎత్తకముందే నువ్వు గడగడా చెప్పేసి ఊరుకుంటే అక్కకి వినపడుతుందా?"

"నాకెలా వినపడుతుంది?" అంది అక్క. "ఫోనంటే ముందు ఎత్తాలిగా!"

మరిది తల గోక్కున్నాడు. తర్వాత మెల్లగా, "ఆ గడి ఎందుకుందో నువ్వెక్కడన్నా రాశావా వదినా?" అన్నాడు.

"రాయలేదు. నాకు తెలుసుగా" అంది వదిన.

"నీకు తెలిస్తే నాకెలా తెలుస్తుంది తల్లీ! ఖాళీది కనపడితే తీసెయ్యడం మా ఫ్రేమ్‌వర్క్‌వాళ్లందరికీ అలవాటు. నేను కాకపోతే ఇంకోడు తీసేవాడు."

వదినకి కోపం రావలసింది. రాలేదు. ఎందుకంటే అబ్బాయి చెప్పింది నిజం. ఆవిడ నమూనా పెట్టి ఊరుకుంది, అది అవతలివాళ్ల చేతుల్లో పడ్డాక ఏమవుతుందో ఎప్పుడూ వెళ్లి చూడలేదు.

మరిది ఆ గడిని తిరిగి పెట్టాడు. ముందు ఖాళీగా ఉంటుంది, తప్పు పడినప్పుడు మాట మాత్రమే లోపలికి వస్తుంది. అక్క నొక్కింది. వసపిట్ట గొంతు ఎత్తింది. "ఆ సమయం ఇప్పుడే నిండిపోయింది..."

"పలికింది! పలికిందే చిట్టీ!" అక్క రెండు చేతులతో బల్ల మీద దరువేసింది. కప్పులు గలగలలాడాయి. మరిది ఎగిరి గంతేశాడు. మాస్టారు మాత్రం, "అంటే ఏమీ లేనిదాని కోసమా ఇంత రభస?" అని పకపకా నవ్వాడు.

అందరూ నవ్వుతుంటే వదిన ఒక్కతే నవ్వలేదు. "ఇది ఒక్క పేజీ. ఈ హెచ్చరిక ఇంకెన్ని పేజీల్లో ఉంది?" అంది.

మరిది నవ్వు ఆపేశాడు. సైటు అతనొక్కడే కట్టడం లేదు. పక్క టీమువాళ్లు కొన్ని పేజీలు చేస్తున్నారు. అందరూ అతనిలాగే నమూనా చూసి చేత్తో రాసుకున్నవాళ్లే, అతనిలాగే శుభ్రం చేసినవాళ్లే.

"ఒక్కొక్కటీ వెతికి సరిచేద్దాం" అన్నాడు.

"ఇవాళ వెతుకుతాం. ఎక్కడో ఒకటి తప్పించుకుంటుంది. రేపు ఇంకోడు మళ్లీ శుభ్రం చేస్తాడు. అలా కుదరదు." వదిన గది ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి. "నమూనాని ఎవరూ చేత్తో రాసుకోకూడదు. ఉన్నదున్నట్టు లైబ్రరీలోంచి తెచ్చి పెట్టుకోవాలి. లోపలున్న ఖాళీ గడిని ఎవరూ ముట్టుకోవడానికే వీల్లేకుండా ఉండాలి."

"అలా కావాలంటే నీ నమూనా మా ఫ్రేమ్‌వర్క్ ముక్కగా ఉండాలిగా మరి..." అని మరిది భయం భయంగా సణిగాడు. ఆ మాటంటే ఏమవుతుందో అతనికి తెలుసు.

"ఉండనీ. రాద్దాం. రేపే."

మరిది చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. "ఊడిగం చెయ్యదన్నావు?"

"ఊడిగం కాదు, కాపురం" అంది వదిన. "రూపూ, మాటా, గడులూ నావి. కదలికలు నీవి. రెండూ నా లైబ్రరీలోనే, ఒకే చోట ఉంటాయి. రేపు ఇంకో ఫ్రేమ్‌వర్క్ వచ్చిందనుకో, నీ కదలికలు మార్చుకుంటాం, నా గడులు అలాగే ఉంటాయి. ఒప్పుకుంటావా లేదా?"

"కాళ్లు కడిగి మరీ ఒప్పుకుంటా!"

"ఇంకోటి. నా లైబ్రరీలోకొచ్చాక నన్నడక్కుండా దేన్నీ శుభ్రం చెయ్యకూడదు."

"దుమ్ముంటేనో?"

"దుమ్మున్నా సరే!"

మర్నాడు ఆఫీసులో జనం హడలిపోయారు. వదినా మరిదీ ఒకే తెర ముందు, రెండు కుర్చీలు కలిపి కూర్చున్నారు. పొద్దుట్నించీ ఒక్క కేకా లేదు. "ఒంట్లో బాగాలేదా ఇద్దరికీ?" అని కాంట్రాక్టులు చూసే ఆయన వచ్చి పరామర్శించి వెళ్లాడు. మేనేజరు వచ్చి, "పరీక్ష ముందు ఇంత పెద్ద మార్పా వదినా? తేడా వస్తే?" అన్నాడు. వదిన తల తిప్పకుండానే, "మార్చకపోతేనే తేడా వస్తుంది సార్. పూచీ నాది" అంది. ఆ గొంతు విని ఆయన తన గదిలోకి వెళ్లిపోయాడు.

ముందు బటన్ చేశారు. మరిదికి సొంతంగా ఒక బటన్ ఉంది, నొక్కితే అలలా ఊగుతుంది. దాన్ని చూసుకుని తెగ మురిసిపోతాడు. ఇప్పుడు దాన్ని తీసేసి లైబ్రరీ బటన్ పెట్టాలి. తీసేముందు చివరిసారి నొక్కి చూసుకున్నాడు. వదిన జాలిపడి, "సరే, ఆ ఊగుడు నా బటన్‌లోకి తెచ్చుకో. కానీ కొంచెం ఊగాలి, తాగినట్టు కాదు" అంది. మరిది మొహం చాటంత అయింది.

తర్వాత పేరు గడి, తేదీ పట్టిక, చివరికి హెచ్చరిక. హెచ్చరిక ముక్కలో ఖాళీ గడి ఎప్పుడూ ఉండేలా, పైనుంచి మాట మాత్రమే పంపేలా మరిది రాశాడు. ఎవరు వాడినా సరే గడిని తియ్యలేరు, తియ్యాలన్నా అది వాళ్ల చేతికి అందదు. వదిన దానిపైన ఆ గడి ఎందుకుందో నాలుగు ముక్కల్లో స్పష్టంగా రాసింది. పక్క టీముకి ఒకటే మాట చెప్పారు. మీరు చేత్తో రాసుకున్నవన్నీ తీసెయ్యండి, లైబ్రరీలో ముక్కలు తెచ్చిపెట్టుకోండి. మొదట గొణిగారు. తర్వాత వాళ్ల పేజీల్లో రాత సగానికి సగం తగ్గేసరికి వాళ్లే ఎగబడ్డారు.

సాయంత్రం ఎండ కిటికీలోంచి బల్ల మీదికొచ్చే వేళకి అంతా ఒక కొలిక్కి వచ్చింది. "వదినా, నీ లైబ్రరీలో ఆ ఎరుపుని కొంచెం ముదురు చెయ్యి. ఊరికే, చూద్దాం" అన్నాడు మరిది. వదిన ఒక్కచోట మార్చింది. ఎదురుగా వరసగా తెరిచి పెట్టిన పేజీలన్నిట్లో, వాళ్లవీ పక్క టీమువీ, ఎరుపు ఒక్కసారిగా ముదురైపోయింది.

"మారింది!" వదిన అరుపుకి హాలంతా తిరిగి చూసింది. "అన్నీ మారాయి! మళ్లీ చేస్తా ఉండు!" లేత చేసింది, ముదురు చేసింది, మూలలు గుండ్రం చేసింది, పలకలు చేసింది. ఇన్నాళ్లూ ఆవిడ ఒక్క గీత మార్చాలంటే పదిమందిని బతిమాలాలి. ఇప్పుడు ఆవిడ ఇక్కడ తాకితే అక్కడ కదులుతోంది! చిన్నపిల్లలా కుర్చీలో గిర్రున తిరిగింది. అది చూసి మరిది బటన్లమ్మకీ జై అని బాహాటంగా అరిచేశాడు. వెనకాల పెట్టిన పేరు అలా బయటపడింది. ఆవిడ పట్టించుకోనేలేదు.

పరీక్షరోజు పొద్దున్నే ఇద్దరూ హాస్పిటల్‌కి వెళ్లారు. ముందు హాల్లో అడుగుపెట్టగానే వదిన ఆగిపోయింది. గుమ్మం పక్కన, పూలకుండీ పక్కనే, కొత్త కుర్చీ ఒకటి వేసి ఉంది. దానిమీద ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. మరిది కూడా చూశాడు. వదిన భుజం మీద సంచీ తను తీసుకున్నాడు.

అక్క గది మెట్లకింద ఇరుకు గది. ఒక బల్ల, ఫోను, కీబోర్డు, చేతులు ఆనించి ఆనించి నునుపెక్కిన పాత కుర్చీ. కంప్యూటరు తెరకి గుడ్డ కప్పి ఉంది. సూపరింటెండెంటుగారు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి, "తెర వెయ్యండమ్మా, చూద్దాం" అన్నారు.

"అది ఎప్పుడూ వెయ్యలేదండీ. దాని వైరు కూడా ఎవరో పట్టుకుపోయారు. నాకెందుకని అడగలేదు. మీరు చూడాలంటే కుదరదు సార్, వినాలి" అంది అక్క.

మరిది నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. స్పీకరు పెట్టారు. గుడ్డ కప్పిన తెర ముందు అందరూ చెవులు రిక్కించి నిలబడ్డారు. ఫోన్లు మొదలయ్యాయి. ఉత్తుత్తివి కావు, అసలువే. అక్క ఎత్తుతోంది, అడుగుతోంది, రాస్తోంది. ఒకటి, ఇంకోటి, మరొకటి. సూపరింటెండెంటుగారి కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. అయినా ఆయన తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు.

ఈసారి ఫోన్లో ఒక పెద్దావిడ. రాయించుకున్న సమయం కుదరదట, మార్చాలట, పదకొండుకైతే బాగుంటుందట. అక్క పదకొండుకా అని పైకే అడిగి, సమయం మార్చే పేజీలోకి వెళ్లింది. సూపరింటెండెంటుగారు జేబులోంచి తన ఫోను తీసి, అదే సైటులో, అదే డాక్టరుకి, అదే పదకొండు గంటలు తను నొక్కేసి వదినవైపు వంగారు.

"నేను పట్టేశా. తర్వాత వదిలేస్తాలే. ఇప్పుడేమవుతుందో చూద్దాం" అన్నారు గుసగుసగా.

వదిన మరిది చెవిలో, "సమయం మార్చే పేజీ మనం చూశామా?" అంది.

మరిది మొహం పాలిపోయింది. "అది పక్క టీమువాళ్లది. హడావుడిలో చూడలేదు వదినా."

అక్క నొక్కేసింది.

వసపిట్ట అప్పటికే డాక్టరుగారి పేరు చదవడంలో ఉంది. ఆ డాక్టరు ఏం చదువుకున్నాడో గానీ, పేరు వెనకాల డిగ్రీలు తోకలా వేలాడుతున్నాయి. వసపిట్ట ఒక్కొక్క అక్షరమే తీరిగ్గా చదువుతోంది. ఒక డిగ్రీ, ఇంకో డిగ్రీ, ఒక ఫెలోషిప్పు. హెచ్చరిక ఎప్పుడూ చదువుతున్న మాటకి అడ్డం పడకూడదు, అది అయ్యాకే రావాలి అని నియమం పెట్టింది వదినే. ఇప్పుడు ఆ నియమం ఆవిడ ప్రాణం తోడేస్తోంది. ఇంకెన్ని చదివాడ్రా బాబూ ఈయన! అక్క వేళ్లు కీబోర్డు మీద ఆగి ఉన్నాయి. సూపరింటెండెంటుగారు అక్క మొహంకేసే చూస్తున్నారు. వదిన మరిది చెయ్యి పట్టుకుంది. అతనికి నొప్పి పుట్టే ఉంటుంది.

డిగ్రీలు అయిపోయాయి.

"ఆ సమయం ఇప్పుడే నిండిపోయింది. దాని తర్వాతి ఖాళీ పదకొండున్నర" అంది వసపిట్ట. పక్క టీమువాళ్లు అక్కడ కూడా లైబ్రరీ ముక్కే తెచ్చిపెట్టుకున్నారన్నమాట!

అక్క ఏమీ తడుముకోలేదు. "అయ్యో, ఆ సమయం ఇప్పుడే నిండిపోయిందండీ. దాని తర్వాత పదకొండున్నరకి ఖాళీ ఉంది. రాసెయ్యనా? సరే, రాసేశాను. వచ్చేటప్పుడు పాత కాయితాలు మర్చిపోకండేం."

వదిన రాసిన మాట అది. ఎర్ర అక్షరాల్లో వెయ్యిసార్లు చూసుకుని ఉంటుంది. అక్క నోట, అవతలి మనిషికి ఆసరాగా ఇలా వినడం ఇదే మొదలు. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. దాచుకోలేదు.

సూపరింటెండెంటుగారు గొంతు సవరించుకుని ఏదో అనబోయారు. అప్పుడే ఇంకో ఫోను మోగింది. అక్క అరచెయ్యి పైకెత్తి ఆయన్ని ఆపింది. "ఒక్క నిమిషం సార్, లైన్లో మనిషున్నారు."

అంత పెద్దమనిషీ నోరు మూసుకుని, వదినా మరిదీ వెంట రాగా చప్పుడు కాకుండా బయటికొచ్చి, తలుపు తనే దగ్గరగా వేశారు. నడవలో ఎదురొచ్చిన అటెండరుతో, "ముందు హాల్లో వేయించిన ఆ కుర్చీ తీయించి స్టోరులో పడేయండి. అక్కర్లేదు" అన్నారు.

మరిది వదినని గట్టిగా కుదిపేశాడు. ఇద్దరూ హాల్లోకి వచ్చారు. కుర్చీ ఇంకా తియ్యలేదు. వదిన ప్లాస్టిక్ కవరుతో సహా దానిలో కూలబడి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలీకుండా ఊగిపోయింది.

"వదినా, అచ్చం పూలకుండీలా ఉన్నావు" అన్నాడు మరిది.

ఆవిడ కళ్లు తుడుచుకుని ఫోను తీసి హాస్పిటల్ నంబరు నొక్కింది. ఒక్క రింగుకే అవతల ఎత్తారు.

"చెప్పండి, ఏ డాక్టరు కావాలండీ?"

"అక్కా, నేనే. ఆ కుర్చీ..."

"నువ్వా? డాక్టరెవరూ అక్కర్లేదుగా?" అంది అక్క. "అయితే పెట్టెయ్యి చిట్టీ, నాకు పనుంది."